ప్రాణం నాబ్

మూడో తేదీ, సోమవారం

ఐదో పాట ఈరోజు తెగింది. పల్లవిలో "దాచుకున్న" అనే మాట దగ్గర అక్క గొంతు ఒక్క క్షణం మాయమై మళ్ళీ వచ్చింది. వాయిద్యాలు వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. గొంతు ఒక్కటే పోయింది, ఎవరో నోరు నొక్కి వదిలినట్టు. కంప్యూటర్‌లో వెనక్కి వెళ్ళి అదే చోట విన్నాను, శుభ్రంగా ఉంది. ముందుకు పోనిస్తే చరణంలో తెగింది. మళ్ళీ మొదటి నుంచి పెడితే ఇంకెక్కడో తెగింది. ఒకే చోట తెగితే పట్టుకోవచ్చు. ఇది నాతో దాగుడుమూతలు ఆడుతోంది.

శనివారం దాకా ఈ పాట బాగానే ఉంది. శనివారమే ఆ ఫోన్ వచ్చింది, రేడియో నాటకాల విభాగం మేడమ్ దగ్గర్నుంచి. ఉద్యోగం నాదేనట. నాటకాలకు శబ్దాలు చూసుకోవాలి. అడుగుల చప్పుడు, తలుపులు, వాన, జనం. ఊరు మారాలి. ఇరవై ఎనిమిదో తేదీలోపు ఖాయంగా చెప్పాలి. నేను మిగతావన్నీ వదిలేసి, "గదికి కిటికీ ఉంటుందా అండీ?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "రెండున్నాయమ్మా, ఒకటి సరిగ్గా మూసుకోదు" అంది. అప్పుడే మనసు అక్కడికి వెళ్ళిపోయింది.

ఆరోజే భోజనాల దగ్గర అక్కకు చెప్పాను. అక్క మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "మంచిదేగా. ఈ పాటలు అయ్యాక వెళ్దువుగానిలే" అంది. సరే అన్నాను.

అక్క పాడితే నేను కలుపుతున్న ఐదింటిలో నాలుగు పాటలు అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. వారంలో తేల్చేస్తాను.

నాలుగో తేదీ

బఫర్ పెంచాను. కంప్యూటర్‌కు కాస్త తెరిపి ఇస్తే తెగడం మానుతుందేమోనని. మానలేదు.

డబ్బు కట్టి కొనకుండా, ఊరికే పరీక్షకు తెచ్చుకున్న ప్లగిన్, గొంతును దిద్దే చిన్న ప్రోగ్రాం, ఏదైనా నడుస్తుంటే ఇలాగే మధ్యమధ్య గొంతు నొక్కేస్తుంది. కొనమని గుర్తుచేయడానికి. ఈ పనిలో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా తెలిసే సంగతి ఇది. కానీ నేను వాడేవన్నీ కొన్నవే. కాబట్టి అది కాదు.

ఆరో తేదీ

మధ్యాహ్నం బావ తన కళ్ళజోళ్ళ కొట్టు మూసి భోజనానికి వస్తూ గదిలోకి తొంగిచూశాడు.

"ఏం చెవులపిల్లీ, ఇంకా కన్నంలోనే ఉన్నావా?"

ఈ పేరు ఆయన పెట్టిందే. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే ఇంకెవరినో అనుకుంటున్నాను.

"ప్లగిన్లలో ఏదో మొండికేసింది బావా. ఏదో అంతు చిక్కట్లేదు."

"అసలు ఆ ప్లగిన్లంటే ఏంటే? ఆరేళ్ళుగా వింటున్నా. అడిగితే పరువు పోతుందని ఊరుకున్నా."

"గొంతుకు పెట్టే కళ్ళద్దాలనుకో. ఒకటి మసక తీస్తుంది, ఒకటి దగ్గరికి తెస్తుంది, ఒకటి కాస్త మెరుపు పెడుతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోతాం."

"అలా చెప్పు మరి! అయితే నీకో మాట చెప్తా, ఎవరితో అనకు. కొట్టుకు కొందరొస్తారు. చూపు లక్షణంగా ఉంటుంది. అబ్బే, మసకమసకగా ఉందండీ అని ప్రాణం తీస్తారు. వాళ్ళకు ఉత్త గాజు బిగించి ఇస్తా. పెట్టుకుని, అమ్మయ్య, ఇప్పుడు హాయిగా ఉందండీ అంటారు. నేను చేసిందల్లా గాజు శుభ్రంగా తుడవడమే."

"అది మోసం కాదూ?"

"ఎవరికి నష్టం చెప్పు? మీ అక్క దగ్గర మాత్రం నా ఆటలు సాగవనుకో. అవతలి గోడ మీద చీమ పాకుతుంటే దాని మీసాలు కూడా కనిపిస్తాయి ఆ మహాతల్లికి."

నేను నవ్వాను. కానీ లోపల గతుక్కుమన్నాను. ఎందుకంటే నేనూ ఒక ఉత్త గాజు బిగించాను, అక్క గొంతు మీద.

ఆరేళ్ళ కిందట నేను ఈ ఇంటికి ఒక్క పాట కోసం వచ్చాను. "ఒక్క పాట కలిపి పెట్టి పోవే" అని అక్క పిలిస్తే. పాట అంతా అయ్యాక అక్క నా కుర్చీ పక్కన నిలబడి, "బాగుంది. కానీ ప్రాణం లేదే. కాస్త ప్రాణం పెంచు" అంది. ప్రాణం ఎక్కడని పెంచను? గొంతు పెంచాను, కాదంది. మెరుపు పెంచాను, కాదంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు నాకు పని నేర్పిన ముసలాయన చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. పక్కన నిలబడి నస పెట్టేవాళ్ళకు దేనికీ తగలని నాబ్ ఒకటి అప్పజెప్పు, తిప్పుకుంటూ చల్లబడతారు అనేవాడు. పరీక్షకు తెచ్చుకుని కొనకుండా వదిలేసిన ప్లగిన్ ఒకటి ఉంది. తెరిస్తే తెర నిండా ఒక పెద్ద నాబ్, దాని కింద ఆవగింజంత దీపం. దాన్ని అక్క గొంతున్న ట్రాక్ మీద పెట్టి, దాని లోపలి స్విచ్ ఆపేసి, "ఇదే అక్కా ప్రాణం. నువ్వే తిప్పుకో" అన్నాను.

అక్క మౌస్ పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు తిప్పింది. తిప్పీ తిప్పీ ఒకచోట ఆపి, "ఆఁ. అక్కడే. ఇంక ముట్టుకోకు" అంది.

అప్పట్నుంచి ప్రతి పాటకూ ఇదే తంతు. అక్క అలా కళ్ళు మూసుకుని ఒళ్ళంతా చెవులు చేసుకుని తిప్పుతుంటే నాకు సిగ్గేస్తుంది. ఆ సిగ్గుతో, బద్ధకించి వదిలేసినదేదో పక్కన కాస్త సరిచేస్తాను. అంతే తేడా. ఆరేళ్ళుగా తోడబుట్టినదాని చెవిలో పువ్వు పెడుతున్నాను.

ఈ వారం అక్క ప్రాణం అడగలేదు. మంచిదే, పని తొందరగా తెములుతుంది.

తొమ్మిదో తేదీ

ఈరోజు సగం సగం పద్ధతి. ప్లగిన్లలో సగం ఆపేసి వినాలి. అయినా తెగితే దోషం మిగిలిన సగంలో ఉన్నట్టు. ఆ సగంలో మళ్ళీ సగం ఆపాలి. అలా తరుముకుంటూ పోతే చివరికి దొంగ ఒక్కటే మిగులుతుంది.

చివరికి ఏదీ మిగలలేదు. అన్నీ ఆపేసినా తెగుతూనే ఉంది. అంటే ప్లగిన్ల తప్పు కాదు. ప్రాణం సంగతి సరేసరి, అది ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. చూడక్కర్లేదు.

పదో తేదీ

తీగలు కూడా కాదు. అన్నీ మార్చి చూశాను.

పన్నెండో తేదీ

పాటను బావ కొట్లోని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అందులో నా ప్లగిన్లేవీ లేవు, ఉత్త గొంతు, ఉత్త వాయిద్యాలు. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీలో, యంత్రానికి గడ్డం ఆనించి కూర్చుంటే, వెనక అక్క పాట. ఒక్కసారి కూడా తెగలేదు.

"గొంతు ఎవరిదమ్మా? బాగుంది" అన్నాడాయన, గడ్డం కదపకుండా.

"మా ఆవిడదేనండీ. కింది వరస అక్షరాలు చదవండి" అన్నాడు బావ.

దొరికింది. తప్పు నా కంప్యూటర్‌ది. మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తాను. రెండు రోజుల పని. ఆ తర్వాత నేను స్వేచ్ఛాజీవిని.

పదిహేనో తేదీ

తుడిచాను, ప్లగిన్లతో సహా అన్నీ ఎక్కించాను. మళ్ళీ తెగింది.

ఏడుపొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు పైకప్పుకు కొట్టిన స్పాంజి చూస్తూ ఉండిపోయాను. ఇవన్నీ నా చేత్తో కొట్టినవే. ఉన్న ఒక్క కిటికీనీ చెక్కతో మూసి, దాని మీద స్పాంజి అంటించిందీ నేనే. బయట ఎండో వానో లోపలికి తెలియదు.

అక్క టీ తెచ్చింది. విషయం చెప్పాను.

"పోనీ మళ్ళీ పాడనా? పాడినప్పుడే ఏదో అయిందేమో" అంది.

పాడటంలో ఏమీ కాలేదని నాకు తెలుసు. అయినా సరే అన్నాను. అక్క గాజు అద్దం అవతలున్న పాడే అరలోకి వెళ్ళి హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడింది. ఈమధ్య అక్క గొంతు పై స్థాయిలో కాస్త జీరబోతోంది. అది నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు, ఎవరికీ తెలియకుండా నేను చూసుకుంటున్నాను. కానీ ఈరోజు జీర లేదు, తడబాటు లేదు. ఇంత హాయిగా పాడి ఎన్నాళ్ళయిందో. అయ్యాక, "ఇంకోసారి పాడనా?" అని తనే అడిగింది. సాధారణంగా రెండోసారి పాడమంటే కయ్యానికి వచ్చే మనిషి. పాట చెడి కూర్చుంటే ఈవిడకు ఇంత ఓపిక ఎక్కడిదో.

కొత్తగా పాడిందాన్ని కొత్త ట్రాక్‌లో పెట్టాను. పాత ట్రాక్ మీదున్న ప్లగిన్లన్నీ ఉన్నవి ఉన్నట్టుగా దాని మీదికి మార్చాను. విన్నాను.

తెగింది.

పదహారో తేదీ

ఏమీ చేయలేదు.

పద్దెనిమిదో తేదీ

వానలకు గది తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. టీ పెట్టుకుందామని లేచి లాగితే రాదు. చప్పుడు బయటికి పోకుండా అంచుల వెంట రబ్బరు బిగించాను కదా, అది గోడను కరుచుకుని కూర్చుంది. ఫోన్ వంటింట్లో చార్జింగ్‌లో ఉంది. తలుపు బాదాను, "అక్కా" అని అరిచాను. నా అరుపు నాకే మెత్తగా వినిపించింది. స్పీకర్లు పూర్తిగా పెంచి పాట పెట్టాను. ఇక్కడ గోడలు అదురుతుంటే, అవతల వరండాలో ఈగ కూడా లేవదు. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? గొంతు బయటికి పోకుండా గది కట్టినదాన్ని నేనే.

కాసేపు కంగారు పడ్డాను. తర్వాత విచిత్రంగా నిమ్మళించాను. నేల మీద కూర్చుని గోడకు ఆనుకున్నాను. లోపలున్నంతసేపు ఫోన్ మోగదు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇలా అనిపించినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

అక్క వచ్చి బయటి నుంచి భుజంతో తోస్తే తెరుచుకుంది.

"ఎంతసేపైందే ఇరుక్కుని?"

"ఇప్పుడే."

"తలుపు బాగు చేయించాలి" అంది అక్క. ప్రతి వానాకాలమూ అంటుంది.

ఇరవయ్యో తేదీ

బావ భోజనాల దగ్గర కదిపాడు. "నీ ఉద్యోగం మాటేమైందే?"

అక్క కూర వడ్డిస్తూ ఆగింది.

"పాట తేలాక చెప్తాను బావా."

"తేలకపోతే?"

"తేల్చకుండా ఎలా వెళ్తాను? నా చేతి పని కదా."

"గొంతు తెగిన చోట తెగనీ. తెలిసినవాడెవడికైనా అప్పజెప్పి నీ దారి నువ్వు చూసుకో. నీ అంత చెవులు లేకపోయినా చెవులున్నవాళ్ళు ఊళ్ళో ఉండకపోరు."

"వేరేవాళ్ళ ముందు నేను పాడను" అంది అక్క. గట్టిగా అనలేదు, కూరగిన్నెతో చెబుతున్నట్టు అంది.

నేను, "సరేలే, తేల్చే వెళ్తాను" అన్నాను. అక్క నాకు ఇంకో గరిటె వేసింది. వద్దన్నా వేసింది.

ఇరవై రెండో తేదీ

మేడమ్ ఫోన్ చేసింది. "ఏమ్మా, మనసులో ఏదైనా సందేహమా? ఉంటే చెప్పెయ్, వేరేవాళ్ళను చూసుకుంటాం. తప్పేం లేదు."

"లేదండీ, తప్పకుండా చెప్తాను."

"చెప్తానంటే వస్తాననా, రాననా?"

"సరే అండీ" అన్నాను. ఏ ప్రశ్నకు సరే అన్నానో నాకే తెలియదు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇరవై నాలుగో తేదీ

ఈరోజు ఒకటి తట్టింది. ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! మిగతా నాలుగు పాటలు ఇదే కంప్యూటర్‌లో, ఇవే ప్లగిన్లతో, ఒక్కసారి కూడా తెగకుండా నడుస్తున్నాయి. అంటే కంప్యూటరూ కాదు, తీగలూ కాదు. ఈ పాటలోనే ఏదో తేడా ఉంది.

నాలుగో పాటనూ ఐదో పాటనూ పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో ప్లగినూ తెరిచి, ఒక్కో నాబూ పోల్చి చూశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. కళ్ళు మండిపోయాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రాణం తెరవలేదు. అది ఆపేసే ఉంది కదా.

అక్క ప్రాణం అడిగి నెల కావస్తోంది.

ఇరవై ఐదో తేదీ

ఆపేసే ఉంది కదా అని రెండుసార్లు రాశాను. ఇప్పుడే వెనక్కి తిప్పి చదువుకున్నాను.

ఇరవై ఆరో తేదీ

ప్రాణం వెలుగుతోంది.

అదే రోజు, తర్వాత

పొద్దున తెరిచాను. తెర నిండా ఆ పెద్ద నాబ్. కింద ఆవగింజంత దీపం, పచ్చగా. ఆరేళ్ళలో అది వెలగడం నేను చూడటం ఇదే మొదటిసారి.

నా చెయ్యి తగిలి ఉంటుందని మొదట అనుకున్నాను. అబద్ధం. అక్క అడిగితే తప్ప నేను దాన్ని తెరవను. తెరిస్తే సిగ్గు.

స్విచ్ ఆపేసి పాట మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఎక్కడా తెగలేదు. అక్క గొంతు ఏటి నీళ్ళలా సాగింది. పాట అయిపోయింది. ఇంక చేయడానికి ఏమీ లేదు. ఇప్పుడే అవతలికి వెళ్ళి అందరికీ చెప్పొచ్చు, మేడమ్‌కు ఫోన్ చేయొచ్చు, బట్టలు సర్దుకోవచ్చు.

మళ్ళీ వెలిగించాను.

ఎందుకు వెలిగించానో తెలియదు. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం బావ, "ఏమైందే, దొరికాడా దొంగ?" అంటే ఇంకా లేదన్నాను.

ఇరవై ఏడో తేదీ

అక్క టీ తెచ్చేసరికి ప్రాణం తెర మీద తెరిచే ఉంది. పెద్ద నాబ్, పచ్చ దీపం. అక్క దాన్ని చూసింది. నన్ను చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"దొరికిందన్నమాట."

"నువ్వేనా?"

"నేనే. ఆ ఫోన్ వచ్చిన శనివారం. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు."

"ఇది కొన్నది కాదక్కా. వెలిగిస్తే గొంతు నొక్కేస్తుంది."

"అదంతా నాకేం తెలుసే? వెలిగిస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నా, అంతే. ఇన్నేళ్ళు చీకట్లో తిప్పా కదా, ఒక్కసారైనా నిజంగా తిప్పుదామని. నా గొంతు పుటుక్కున తెగింది. వెంటనే ఆర్పేద్దామనే చెయ్యి పెట్టా." అక్క ఆగింది. "ఆర్పలేదు."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకు ఎక్కడానికి కాసేపు పట్టింది.

"ఇన్నేళ్ళు చీకట్లో అంటే? నీకు తెలుసా?"

"దీపం వెలగట్లేదని మొదటి రోజే చూశా. నా కళ్ళ సంగతి మీ బావనడుగు."

"మరి ఎందుకు తిప్పావు? ఆరేళ్ళు!"

"నేను కళ్ళు మూసుకుని తిప్పుతుంటే నువ్వు పక్కన ఏదో ఒకటి సరిచేసేదానివి. కళ్ళు తెరిచేసరికి పాట బాగుండేది. ఇది సరిగ్గా లేదే అని మొహం మీద చెప్తే నువ్వు సరే అంటావు, మూతి ముడుచుకుంటావు, ఏమీ చెయ్యవు. ఈ నాబ్ తిప్పితే చేస్తావు. నాకు అది చాలు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను మోసం చేస్తున్నానని ఆరేళ్ళు సిగ్గుపడ్డాను. ఈవిడ ఆ సిగ్గును పట్టుకునే నన్ను తిప్పింది.

"మరి ఈ నెలంతా? నేను తీగలు పీకాను, కంప్యూటర్ తుడిచాను, నీ చేత మళ్ళీ పాడించాను. పక్కన కూర్చుని చూస్తూనే ఉన్నావు కదక్కా!"

"చూస్తూనే ఉన్నా. అన్నీ వెతుకుతావు, దీన్ని మాత్రం చూడవని తెలుసు. దీన్ని తెరిస్తే నీ అబద్ధం నీకే కనపడుతుంది." అక్క గొంతు జీరబోయింది, పాటలో ఎవరికీ తెలియకుండా నేను దాచే ఆ జీర. "తప్పే. సిగ్గుమాలిన పనే. నువ్వు వెళ్తానన్నాక నాకు పాట మీద ధ్యాస లేదు. నువ్వు ఈ గదిలో ఉంటే చాలు, పాట తెగితే తెగనీ అనిపించింది. నా గొంతు పోతోందని నీకు తెలుసు. ఇంకొకడి ముందు నిలబడి, వాడు అద్దం అవతల నుంచి నా వంక జాలిగా చూస్తుంటే, నేను నోరు విప్పలేనే."

"ఉండమని అడగొచ్చు కదా."

"అడిగితే సరే అంటావు."

"అంటే ఏం?"

"నీ సరే కూడా ఈ నాబ్ లాంటిదే. తిప్పితే తిరుగుతుంది. లోపల దేనికీ తగలదు. ఉద్యోగానికీ సరే, పాట అయ్యాక వెళ్ళడానికీ సరే, తేల్చే వెళ్ళడానికీ సరే. నీకేం కావాలో నీ నోటితో ఈ ఇంట్లో ఎవరమైనా విన్నామా?"

కంప్యూటర్ ఫ్యాను ఒకటే తిరుగుతోంది. అక్క నా మణికట్టు పట్టుకుంది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు.

"సరే, ఇప్పుడు అడుగుతున్నా. వెళ్ళకు."

"సరే" అన్నాను.

నోట్లోంచి జారిపోయింది, అంతే. నా కంటే ముందే అది బయటికి వచ్చేసింది. అక్క నా మణికట్టు వదిలేసింది. నా మొహంలోకి, అవతలి గోడ మీద చీమను చూసే కళ్ళతో చూసింది. లేచి టీ గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

టీ తాగలేదు. చల్లారిపోయింది.

ఇరవై ఎనిమిదో తేదీ

పొద్దున లేవగానే గదిలోకి వెళ్ళి ప్రాణం తీసేశాను. ఆపేయలేదు, మొత్తానికే తీసేశాను. ఐదు పాటల్లోంచీ. అక్క ట్రాక్ మీద అది ఉన్న చోట ఇప్పుడు ఖాళీ గడి ఉంది. పాట చివరిదాకా విన్నాను. రెండో చరణంలో పై స్థాయి దగ్గర ఆ జీర కాస్త వినపడింది. ఎప్పటిలా దాన్ని మూసేయబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది అక్క గొంతు. ఇన్నాళ్ళూ దాచి, అక్కకు దాని మీద సిగ్గు నేర్పింది నేనేమో. ఉండనిచ్చాను. బాగుంది. నిజంగా బాగుంది.

మేడమ్‌కు ఈరోజే చెప్పాలి. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాను. ముందు చెప్పాల్సింది ఆవిడకు కాదు.

బావ కొట్టుకు వెళ్ళాక అక్కను పిలిచాను. వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చో. పాట విను."

విన్నది. జీర వచ్చిన చోట ఉలిక్కిపడి నా వంక చూసింది. నేను కదల్లేదు. పాట పూర్తయింది. ఎక్కడా తెగలేదు.

నిన్న అన్న సరే నాలుక మీద ఇంకా ఉంది. చేదుగా, తాగని టీలా. నోరు తెరిస్తే మళ్ళీ అదే వస్తుందేమోనని భయం వేసింది. అందుకని ముందు పళ్ళు బిగించాను, తర్వాత చెప్పాను.

"నేను వెళ్తానక్కా. నాకు వెళ్ళాలని ఉంది. ఈ గదిలో ఇంక ఉండలేను. ఇది నీ మీద కోపంతో కాదు. కోపం కూడా ఉంది, కానీ దానితో కాదు."

అంత పొడుగు మాట ఈ ఇంట్లో నా కోసం నేను ఎప్పుడూ మాట్లాడలేదు. గొంతు వణికింది. వణకనిచ్చాను.

అలవాటు కొద్దీ అక్క చెయ్యి మౌస్ మీదికి పోయింది. తెర మీద నాబ్ ఉండే చోటు వెతికింది, అక్కడ ఖాళీ గడి. చెయ్యి మౌస్ మీంచి తీసి గాల్లోకి ఎత్తింది. రెండు వేళ్ళతో ఏమీ లేనిదాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెంట్రుకవాసి అటు తిప్పింది. వెంట్రుకవాసి ఇటు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు. నా మాట ఇంకా గదిలోనే ఉన్నట్టు, దాన్నే వింటున్నట్టు చాలాసేపు అలాగే ఉంది.

తర్వాత వేళ్ళు ఆపింది.

"ఆఁ" అంది. "అక్కడే. ఇంక ముట్టుకోకు."